ఆడవాళ్ళ వైపు ఎర్ర దీపం

పది గంటల ఇరవై నిమిషాలకు దర్జీ ఆవిడ మొదటి అబద్ధం ఆడింది.

“నాకేమీ గుర్తులేదమ్మా. నలభై ఆరేళ్ళ కిందటి మాట. నిన్న పొద్దున్న ఏం కూర వండానో అడుగు, అదీ చెప్పలేను.”

ఆ మాట అంటూనే, బల్ల మీదున్న జాకెట్టు చంకభాగాన్ని టేపు అవసరం లేకుండా కంటిచూపుతోనే అరంగుళం లోపలికి మడిచి గుండుసూది గుచ్చింది. జల్లెడమ్మ ఆ వేళ్ళ వంకే చూసింది. అవి మతిమరుపు మనిషి వేళ్ళు కావు.

జల్లెడమ్మ అసలు పేరు కోర్టులో చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్ళు సాక్షుల వాఙ్మూలాలు టైపు కొట్టి కొట్టి, ఏది కళ్ళారా చూసిన మాటో, ఏది ఎవరో చెప్పగా విన్న మాటో విడదీయడం ఆవిడకు అబ్బింది. ఉద్యోగం మానేశాక అదే బతుకుతెరువైంది. చదువు అంతంతమాత్రమే. ఉన్న బలమల్లా భయం. ఎక్కడ అడుగుపెట్టినా ఏది అంటుకుంటుందో, ఏది కూలుతుందో, ఎవరు జారిపడతారో ఆవిడకు ముందే తోస్తుంది. పెళ్ళీడు కూతురు మేడ మెట్లు దిగుతుంటే ఇప్పటికీ కింద నిలబడి చేతులు చాస్తుంది. ఇందాక ఈ కొట్టులోకి వచ్చీ రాగానే చేసిన మొదటి పని, గుడ్డపేలికల కుప్ప పక్కన వేడెక్కుతున్న ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకెయ్యడం.

“గుర్తులేకపోతే పోనీండి అక్కయ్యా. నేను చదువుతాను, మీరు వినండి. చాలు.”

సంచిలోంచి మూడు కాగితాలు తీసింది. మూడూ ఈ దర్జీ ఆవిడ వాఙ్మూలాలే. మొదటిది ప్రమాదం జరిగిన మర్నాడు ఇచ్చింది. రెండోది కోర్టులో. మూడోది పదేళ్ళ తర్వాత ఒక పత్రికవాళ్ళకి.

“మొదటిదాంట్లో ఓడ కూత రెండుసార్లు విన్నానన్నారు. కోర్టులో మూడుసార్లు. పత్రికలో అసలు వినలేదు. మొదట్లో పల్చటి మంచు, తర్వాత పాలు పోసినట్టు మంచు.”

“చూశావా మరి? నా మాట నమ్మడానికి లేదు.”

“కూతల మాట నమ్మను. మంచు మాటా నమ్మను. అవి తర్వాత నలుగురూ అనుకున్నవి మీలో కలిసిపోయాయి. కానీ మూడు కాగితాల్లోనూ ఒక్క ముక్క మాత్రం అక్షరం మారలేదు.” జల్లెడమ్మ కళ్ళజోడు సర్దుకుంది. “‘ఎర్ర దీపం వెలుగుతోంది. నా ఒళ్ళో తెల్లబట్ట ఎర్రగా అయింది.’”

గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని కాజాలు కుడుతున్న డెబ్భై ఏళ్ళ మనిషి తల ఎత్తకుండానే అందుకుంది. “అవును. వెలుగుతోంది. ఆ దొంగసచ్చినోడు మాత్రం ఆకుపచ్చ దీపం కనిపించిందని కూశాడు. ముప్ఫై ఒక్కమందిని మింగాడు. అందులో నా మొగుడొకడు.”

“మా వదిన,” అంది దర్జీ ఆవిడ, గొంతు తగ్గించి. “మా అన్నయ్య ఆ రోజు మునిగిన స్టీమర్లో పనిచేసేవాడు. శవం కూడా తేలలేదు.”

ఆ ‘దొంగసచ్చినోడి’ కోసమే జల్లెడమ్మ వచ్చింది. ఆ సాయంత్రం సరుకుల ఓడ ముందుభాగాన కాపలా నిలబడ్డ మనిషి అతను. మంచులో ఎదురుగా, రెండు ఒడ్ల మధ్య జనాన్ని దాటించే రేవు స్టీమరు దీపం చూసి, “ఆకుపచ్చ దీపం! స్టీమరు ఒడ్డుకి పోతోంది, మనకి అడ్డం లేదు” అని పైకి కేక వేశాడు. ఓడ దారి మార్చలేదు. ఐదు గంటల నలభై ఆరు నిమిషాలకు స్టీమరు పక్కటెముకల్లోకి దూసుకుపోయింది. నిజానికి స్టీమరు ఒడ్డుకి పోవడం లేదు, అప్పుడే ఈ ఒడ్డు నుంచి బయల్దేరి అడ్డంగా వస్తోంది. అలాంటప్పుడు ఓడవాళ్ళకు కనపడాల్సింది ఎర్ర దీపం. ఆ ఎర్ర దీపం వెలుగుతూనే ఉందని పంతొమ్మిదేళ్ళ దర్జీపిల్ల ఒట్టేసి చెప్పింది. కాపలావాడు నిద్రపోయి అబద్ధమాడాడని కోర్టు తేల్చింది. నాలుగేళ్ళు జైలు. బయటికొచ్చాక ఊరు వేసిన శిక్షకు మాత్రం గడువు లేదు. అందరూ అతన్ని పచ్చదీపం అనే పిలుస్తారు.

రేపు పదకొండు గంటలకు రేవులో స్మారకశిల తెర తీస్తారు. ముప్ఫై ఒక్క పేర్లు, వాటి కింద ఒక వాక్యం: ‘ఓడ కాపలాదారు అబద్ధం వల్ల ప్రాణాలు కోల్పోయినవారు.’ కొత్త సాక్ష్యం ఏదైనా ఉంటే రేపు తొమ్మిదిలోగా తెస్తే ఆ వాక్యం తీసేస్తామని స్మారక కమిటీ అంది. “మా నాన్న ఆ రాయి చూడకూడదమ్మా. చూసిన రోజు బతకడు” అని పచ్చదీపం కూతురు జల్లెడమ్మ చేతులు పట్టుకుంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి జల్లెడమ్మకు గుండెలో రాయి పడ్డట్టే ఉంది.

“ఏం బట్ట అక్కయ్యా అది?”

“పాప్లిన్. రెండు గజాలు.” జవాబు తడుముకోకుండా వచ్చింది. “మరక పడిందనుకుని గోరుతో గీకాను. పోలేదు. అప్పుడు తలెత్తి చూస్తే పైన దీపం.”

“ఎక్కడ కూర్చున్నారు?”

“ఆడవాళ్ళ వైపు. ఇంకెక్కడ కూర్చోనిస్తారు మమ్మల్ని?”

ఆ మాట నోరు దాటగానే ఆవిడ చేతిలో గుండుసూది కదలకుండా ఆగిపోయింది. కళ్ళు ఒక్క క్షణం వదిన మీదికి పోయి, వెనక్కి వచ్చాయి.

“ఇంక వెళ్ళమ్మా. పెళ్ళివారి బట్టలున్నాయి, సాయంత్రానికివ్వాలి.”

జల్లెడమ్మ కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది. తన ప్రశ్న ఎక్కడ తగిలిందో తెలియలేదు కానీ, తగలడం మాత్రం తగిలింది.

పన్నెండుకు పది నిమిషాలుందనగా రేవు చేరింది. మునిగిన స్టీమరుకు జోడీ స్టీమరు ఒకటి ఇంకా అక్కడే కట్టేసి ఉంది. ఇప్పుడది తాళ్ళూ రంగుడబ్బాలూ దాచే గోదాం. దానికి కాపలా ఒక ముసలి సరంగు. అప్పట్లో ఆ రెండు స్టీమర్లనూ నడిపినవాడు, ప్రమాదం రోజున మాత్రం సెలవులో ఉన్నాడు.

ఎక్కే బల్ల మీద కాలు పెట్టే ముందు జల్లెడమ్మ దాన్ని మూడుసార్లు తొక్కి చూసింది. తర్వాత గోడకు వేలాడుతున్న ప్రాణరక్షణ చక్రాలు లెక్కపెట్టింది. పదకొండు. రెండింటి తాళ్ళు చివికిపోయాయి.

“ఈ బండ మునగదు తల్లీ, కింద బురదలో కూరుకుపోయుంది,” అన్నాడు సరంగు నవ్వుతూ. “భయపడకు.”

“నా భయం సంగతి నేను చూసుకుంటాను గానీ బాబాయ్, దీనికి ముక్కెటు, తోకెటు?”

“రెండూ ముక్కులే. అటుకొక చుక్కాని గది, ఇటుకొక చుక్కాని గది. అటెళ్ళేప్పుడు అటు నిలబడి నడుపుతాం, ఇటొచ్చేప్పుడు ఇటు నిలబడి నడుపుతాం. పడవ తిరగదు. మనిషే తిరుగుతాడు.”

జల్లెడమ్మ పైన దీపాల కొక్కేల వంక చూసింది. “మరి దీపాలు?”

“అదే చిక్కు. ఏ ఓడకైనా ఎడమపక్క ఎర్రది, కుడిపక్క ఆకుపచ్చది ఉండాలి. మాకేమో ఒడ్డు మారినప్పుడల్లా ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. అందుకని రేవులో ఆగగానే దీపాలవాడు నిచ్చెనేసుకుని ఎర్రది ఇటు నుంచి అటు, ఆకుపచ్చది అటు నుంచి ఇటు మార్చి తగిలించాలి. రోజుకి పదిసార్లు. పగలైతే ఎవడూ పట్టించుకోడనుకో. వెలిగించాక మాత్రం తప్పకూడదు.”

“ఆడవాళ్ళ వైపు ఏది?”

“ఇదిగో, ఈ బల్ల. తూర్పు పక్క. దిగే మెట్లు కూడా ఇటే. పొరపాటున పడవ తిప్పి కట్టామంటే ఆడవాళ్ళు మెట్లు దిగి నీళ్ళలోకి పోవాల్సిందే. అందుకే ఎప్పుడూ ఇటే.”

జల్లెడమ్మ ఆ బల్ల మీద కూర్చుని వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. స్టీమరు ఈ ఒడ్డుకి వచ్చేటప్పుడు ఈ బల్ల ఎడమపక్క అవుతుంది. అంటే పైన ఎర్ర దీపం ఉండాలి. ఈ ఒడ్డు నుంచి వెళ్ళేటప్పుడు ఇదే బల్ల కుడిపక్క. అప్పుడు ఆకుపచ్చ దీపం ఉండాలి. దర్జీపిల్ల ఒడ్డు నుంచి వెళ్తోంది. ఈ బల్ల మీదే కూర్చుంది. ఆ పిల్ల ఒళ్ళో బట్ట ఎర్రబడింది.

“బాబాయ్, ఆ టార్పాలిన్ దించు. ఆ ఎర్రద్దం దీపం తగిలించి లోపల టార్చి వెయ్యి.”

చీకటి చేశారు. జల్లెడమ్మ తెల్ల చేతిరుమాలు ఒళ్ళో పరుచుకుంది. దీపం ఆడవాళ్ళ వైపు కొక్కేనికి తగిలిస్తే రుమాలు రక్తంలో ముంచినట్టయింది. అవతలి పక్క కొక్కేనికి తగిలిస్తే రుమాలు తెల్లగానే ఉంది. దీపం వెనక నిలువెత్తు చెక్క అడ్డు కట్టారు. ఒక్క చుక్క వెలుగు ఇటు రాదు.

“బాగుంది. తోలుబొమ్మలాట కూడా మొదలుపెట్టారే!”

టార్పాలిన్ ఎత్తి లోపలికొచ్చిన మనిషి నలగనయ్య. స్టీమరు కంపెనీలో గుమాస్తాగా చేరి, విచారణాధికారిగా ఎదిగి, ఇప్పుడు స్మారక కమిటీకి సలహాదారుగా కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా చొక్కా మీద ముడత పడనివ్వడు కనక ఆ పేరు. వాళ్ళిద్దరికీ ఇది మూడో పోరు. రెండుసార్లు అతనే గెలిచాడు.

“దీపాలు మార్చలేదండీ,” అంది జల్లెడమ్మ లేవకుండానే. “ఒడ్డుకొచ్చేటప్పుడు ఎలా ఉన్నాయో అలాగే వదిలేసి బయల్దేరారు. అవతలి పక్క నుంచి వస్తున్న ఓడ మీదున్న మనిషికి ఆకుపచ్చే కనిపించింది. అతను నిజమే చెప్పాడు. ఆ పిల్లా నిజమే చెప్పింది. ఎర్ర దీపం వెలుగుతోందా అని అడిగారు, ఏ పక్క వెలుగుతోందని ఒక్కరూ అడగలేదు.”

“ఎంత చక్కగా కుట్టారండీ! దర్జీ కొట్టుకి వెళ్ళొచ్చిన ప్రభావం కాబోలు.” అతను జేబురుమాలుతో బల్ల తుడిచి, ఆలోచించి, కూర్చోకుండానే ఉండిపోయాడు. “కూత రెండా మూడా చెప్పలేని సాక్షి. ఆవిడ చెప్పినవాట్లో మీకు పనికొచ్చే ముక్క నిజం, పనికిరానిది మరుపా?”

“వినికిడి మాటలు మారతాయి. ఒంటికి తగిలింది మారదు. గోరుతో గీకిందావిడ.”

“సరే. రేవు పుస్తకం ప్రకారం స్టీమరు ఐదూ ముప్ఫై రెండుకి ఆగింది, ముప్ఫై ఏడుకి బయల్దేరింది. సరంగూ, దీపాలు మార్చడానికి ఎంతసేపు?”

సరంగు నసిగాడు. “ఒక్కోదానికి రెండు నిమిషాలండి.”

“నాలుగు. చేతిలో ఐదున్నాయి. పనివాడు తన పని చేసే ఉంటాడు. చెయ్యలేదనడానికి మీ దగ్గరేముంది? ఒక రుమాలు!” అతను మెట్ల వైపు నడుస్తూ వెనక్కి తిరిగాడు. “కాళ్ళ దగ్గర కుట్టుమిషను పెట్టుకుని, అది ఎక్కడ దొర్లిపోతుందోనని బిక్కచచ్చి కూర్చున్న పిల్ల, దీపాలు చూసిందట! ఎందుకండీ ఈ వయసులో మీకు ఈ తిరుగుడు? ఇంటి దగ్గర అమ్మాయి ఒక్కతే ఉంటుంది కదా.”

ఆ చివరి మాటకు జల్లెడమ్మ చెయ్యి సంచిలోని ఫోన్ మీదికి పోయింది. మామూలుగా అయితే ఇంక దేని మీదా మనసు నిలిచేది కాదు. కానీ దానికి ముందు మాట చెవిలో ముల్లులా ఆగిపోయింది.

కుట్టుమిషను.

అతను వెళ్ళిపోయాక మూడు కాగితాలూ మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా మిషను మాట లేదు. మొదటి వాఙ్మూలం అడుగున, రాసుకున్న గుమాస్తా సంతకం మాత్రం ఉంది. నలగనయ్యదే.

కూతురికి ఫోన్ చేసింది. “గడియ పెట్టావా?”

“పెట్టానమ్మా. పొద్దున్న నుంచి నాలుగోసారి చెప్తున్నాను.”

“ఇంకొకసారి చూడు,” అని, ఇంకేమీ చెప్పకుండా పెట్టేసింది.

మూడుంబావుకు కొట్టు మెట్లెక్కింది. దర్జీ ఆవిడ మిషను తొక్కుతోంది. వదిన కనపడలేదు. లోపల గదిలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

“అక్కయ్యా, ఒకే ఒక్క ప్రశ్న. మీ కుట్టుమిషను స్టీమరులోకి ఎవరెక్కించారు?”

మిషను చక్రం దానంతటది రెండు చుట్లు తిరిగి ఆగింది. సూది కింద గుడ్డ వంకరగా పోయింది. ఆవిడ దాన్ని సరిచెయ్యలేదు.

“ఎవరు చెప్పారు నీకు?”

“రాసుకున్నాయనే. నోరు జారాడు.”

దర్జీ ఆవిడ గోడకేసి చూస్తూ మొదలుపెట్టింది.

“అవతలి ఒడ్డున బట్టల కార్ఖానాలో పనిచ్చారు. ఎవరి మిషను వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. ఇనుప కాళ్ళ మిషను. రేవుదాకా బండి మీద తెచ్చుకున్నాను, మెట్ల దగ్గర దించి బండివాడు పోయాడు. స్టీమరు అప్పుడే ఆగింది. అన్నయ్య నిచ్చెన భుజాన వేసుకుని వస్తున్నాడు. పిలిచాను. ‘ఉండవే, దీపాలు మార్చి వస్తా’ అన్నాడు. నేనే...” మిషను చక్రాన్ని అరచేత్తో అదిమి పట్టుకుంది. “‘ముందు ఇది ఎక్కించు అన్నయ్యా, ఎవరైనా తన్నేస్తే నా బతుకు పోతుంది’ అన్నాను. నిచ్చెన కింద పడేసి వచ్చాడు. ఇద్దరం మోశాం. మెట్ల మీద రెండుసార్లు జారింది. బల్ల కింద పెట్టేసరికి గంట కొట్టేశారు. స్టీమరు కదిలింది. నిచ్చెన ఒడ్డునే ఉండిపోయింది.”

“ఆయన ఏమన్నాడు?”

“పైకి చూశాడు. ‘అరె’ అన్నాడు. ‘పావుగంట దారే కదా, అటెళ్ళాక మార్చేస్తా’ అని అవతలి పక్కకి పోయాడు. ఓడ వచ్చి ఆ పక్కే కొట్టింది.”

జల్లెడమ్మ సాక్షుల మాటలు వేలకొద్దీ విన్నది. ఇంత చిన్న ‘అరె’ ఎప్పుడూ వినలేదు.

“మర్నాడు ఇదంతా చెప్పాను. ఆ కుర్ర గుమాస్తా అంతా విన్నాడు. విని కలం మూసేశాడు. ‘మీ అన్నయ్య పోనే పోయాడు. ఆయన పేరు చెడగొడతావా? మీ వదిన మొహం ఎలా చూస్తావు? ఎర్ర దీపం వెలుగుతోందా లేదా, అంతవరకు చెప్పు చాలు’ అన్నాడు. వెలుగుతోందన్నాను. అది అబద్ధం కాదు కదమ్మా? కాదు కదా?”

“కాదు.”

“ఆ అబద్ధం కాని మాటతో నలభై ఆరేళ్ళు...”

లోపలి గది గుమ్మంలో వదిన నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. ఎప్పటి నుంచి నిలబడిందో ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

దర్జీ ఆవిడ లేవబోయి లేవలేకపోయింది. “వదినా...”

“ఆ పొద్దున్న నడుం పట్టేసిందన్నాడు,” అంది వదిన. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. “బరువులెత్తొద్దని చెప్పి పంపాను. ఎత్తాడా?”

“ఎత్తాడు.”

“చెప్పినమాట ఏనాడు విన్నాడు గనక.” కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. “ప్రతి ఏడూ ఆ రోజున ఆ పచ్చదీపం ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తి పోశాను. వాళ్ళ పిల్ల పెళ్ళి నాడు కూడా. ఒక్కసారి ఎదురు మాట్లాడలేదాయన. తల వంచుకుని నిలబడేవాడు. నువ్వు నా పక్కనే ఉన్నావు. చూస్తూ ఊరుకున్నావు.”

దర్జీ ఆవిడ ఏడవలేదు. ఏడిచే హక్కు కూడా తనకు లేదన్నట్టు కూర్చుంది.

“రాయమ్మా,” అంది వదిన జల్లెడమ్మతో. “ఇది చెప్పినదంతా రాయి. నిచ్చెన సంగతి కూడా రాయి.”

“మీ ఆయన పేరు...”

“నాకు తెలుసు ఆయన పేరు. రాయి.”

నాలుగు కావస్తుండగా దర్జీ ఆవిడ సంతకం పెట్టింది. సాక్షి సంతకం కోసం వదిలిన ఖాళీలో వదిన కాజాలు కుట్టినట్టే, ఒక్కో అక్షరం దగ్గరదగ్గరగా పేర్చి తన పేరు రాసింది. జల్లెడమ్మ సిరా ఆరేదాకా కాగితం మీద ఊదింది. ఇది తడుస్తుందేమో, చిరుగుతుందేమో, దారిలో ఎవరైనా లాక్కుంటారేమో. రెండు కవర్లలో పెట్టి జాకెట్టులో దోపుకుంది. రేపు తొమ్మిది దాకా సమయముంది. చాలు. ఈ ఒక్కసారికి చాలు.

అప్పుడు ఫోన్ మోగింది. పచ్చదీపం కూతురు.

“నాన్న మీ దగ్గరికొచ్చాడా అమ్మా?” ఊపిరాడనట్టు మాట్లాడుతోంది. “ఆ కమిటీ ఆయన మధ్యాహ్నం ఫోన్ చేశాడట. రేపు జనంలో ఎందుకు, రాయి నిలబెట్టేశాం, ఇవాళే వచ్చి ఒక్కరూ చూసుకోండి అన్నాడట. నేను పని నుంచి వచ్చేసరికి ఇంట్లో లేడు. కళ్ళజోడు బల్ల మీద పెట్టేశాడు. చేతి గడియారం విప్పేశాడు. అవి లేకుండా ఎప్పుడూ గడప దాటడు.”

జల్లెడమ్మ జీవితమంతా జరగని ఘోరాలకు ముందే భయపడిన మనిషి. ఇప్పుడు జరుగుతున్నదాని ఎదుట నిలబడితే, ఎటు పరిగెత్తాలో కాళ్ళకు తెలియడం లేదు.

“పచ్చదీపం ఇంట్లో లేడట, కళ్ళజోడు కూడా వదిలేసి పోయాడట. రేవుకి... రాయి దగ్గరికి పోవాలి,” అంది.

“రాయి దగ్గర ఉండడు,” అంది వదిన. అప్పటికే మెట్లు దిగుతోంది, చెప్పుల్లేకుండా. “మనసు బాగోనప్పుడు పాత ఉప్పు గోదాం వెనక మెట్లకి పోతాడు. కింద అంతా లోతే. అక్కడికి కూడా వెంటపడి తిట్టాను నేను. నాకంటే ఆ దారి ఎవరికీ తెలీదు. ఆ కాగితం పట్టుకుని నా వెనకాల రా.”